రక్తపోటు: తెలిసినదెంత, అందినదెంత

2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్ళలో ఒక పని జరిగింది. ఊళ్ళో ఎవరైనా చనిపోతే, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త ఆ ఇంటికి వెళ్ళి కూర్చునేవారు. చివరి రోజుల్లో ఏమైంది, మాట పడిపోయిందా, చెయ్యీ కాలూ ఆడాయా, ఛాతీలో నొప్పి అన్నారా, జ్వరం ఎన్నాళ్ళుంది అని ఇంటివాళ్ళని అడిగి రాసుకునేవారు. ఆ కాగితాలు చూసి డాక్టర్లు చావుకి కారణం తేల్చేవారు. పల్లెల్లో జనం జ్వరాలతో, విరేచనాలతో, క్షయతో పోతారని అప్పటిదాకా అందరి లెక్క. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ పేరుతో జరిగిన ఆ అధ్యయనంలో తేలింది వేరు. ప్రతి మూడు చావుల్లో దాదాపు ఒకటి గుండెజబ్బు వల్లో, పక్షవాతం వల్లో, అలాంటి మరో రక్తనాళాల జబ్బు వల్లో వచ్చింది. వీటిలో చాలావాటి వెనక ఉండేది రక్తపోటు, మనం రోజూ అనుకునే బీపీ.

మాది ఆ ప్రాంతమే. మా పెదనాన్నకి యాభై దాటాక బీపీ ఉందని తెలిసింది. ఆరు నెలలు బిళ్ళ వేసుకున్నారు. మళ్ళీ కొలిపిస్తే 130/80 వచ్చింది. ‘తగ్గిపోయింది కదరా, ఇంకా ఎందుకూ’ అని మానేశారు. మూడేళ్ళ తర్వాత ఒక పొద్దున కాఫీ గ్లాసు చేతిలోంచి జారింది. కిందపడ్డ గ్లాసు వంక చూస్తూ నిలబడ్డారట. వంగి తీద్దామంటే ఆ చెయ్యి రాలేదు. ఆ తర్వాత నాలుగేళ్ళు మంచంలో ఉన్నారు.

వందేళ్ళకు పైగా సాగిన పరిశోధనని ఒకచోట పెట్టి చూస్తే నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ఏ మందు వాడాలి, ఎవరికి వాడాలి, ఎంతకి దించాలి అన్నవాటికి జవాబులు చాలావరకు దొరికాయి. ఒంట్లో ఏ బాధా లేని మనిషి రోజూ, ఏళ్ళ తరబడి బిళ్ళ వేసుకునేలా ఎలా చూడాలి, అసలు ఆ బిళ్ళ వాళ్ళ ఊరిదాకా ఎలా రావాలి అన్నవి మాత్రం తెగలేదు. పరిశోధనలో డబ్బూ తెలివీ మొదటివాటి మీద ఎక్కువ ఖర్చయ్యాయి. మా పెదనాన్న లాంటివాళ్ళు పోయింది రెండోదాని వల్ల.

రక్తపోటుని మొదట కొలిచింది ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే మతగురువు. 1733లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన రాసిన ప్రయోగం ఇది: గుర్రం ధమనిలోకి ఇత్తడి గొట్టం దూర్చి, దానికి పొడవాటి గాజు గొట్టం తగిలిస్తే నెత్తురు ఎనిమిది అడుగులకు పైగా ఎగబాకింది. మనిషికి అలా కొలవలేం కదా. 1896లో ఇటలీ వైద్యుడు రివా రోచీ చేతికి చుట్టే గాలిపట్టీ తయారుచేశాడు. 1905లో రష్యా సర్జన్ కొరొత్కోవ్ ఆ పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి వింటే పై అంకె, కింది అంకె రెండూ తెలుస్తాయని చూపించాడు. మన పీహెచ్‌సీలో నర్సు ఇప్పటికీ చేసేది ఆ పనే.

కొలవడం వచ్చినా, ఎక్కువున్న పోటుని తగ్గించాలన్న ఆలోచన చాలాకాలం రాలేదు. వయసుతోపాటు నాళాలు బిరుసెక్కుతాయి, అప్పుడు నెత్తురు అన్ని అవయవాలకీ అందాలంటే గట్టిగా తొయ్యక తప్పదు, కాబట్టి ఆ పోటు ఒంటికి అవసరమే, దాని జోలికి పోవద్దు అని పేరున్న డాక్టర్లే నమ్మారు. ఇంగ్లీషు వైద్యంలో ఈ జబ్బుకి ‘ఎసెన్షియల్’ అన్న విశేషణం అలా అంటుకుందని చెబుతారు. ఆ నమ్మకానికి మూల్యం చెల్లించినవాళ్ళలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఒకరు. 1944 మార్చిలో ఆయన పోటు 186/108. 1945 ఏప్రిల్ 12న మెదడులో నాళం చిట్లి చనిపోయిన రోజున 300/190. దేశమంతా చేతిలో ఉన్న మనిషికి కూడా ఇవ్వడానికి అప్పట్లో సరైన మందు లేదు.

ఇక్కడ మన మొక్క ఒకటి కథలోకి వస్తుంది. సర్పగంధ వేరుని ఈ దేశంలో నిద్రకీ, పిచ్చికీ వాడడం పాత సంగతి. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఆ వేరు రక్తపోటుని దించుతుందని రాశారు. 1949లో బొంబాయి గుండె వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల మీద చూసిన ఫలితాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో అచ్చువేశాక పాశ్చాత్య ప్రపంచం తల తిప్పి చూసింది. 1952లో ఆ వేరులోంచి రెసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. 1958లో థయజైడ్ అనే మూత్రం బిళ్ళ వచ్చింది.

అసలు మలుపు 1967లో. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఎడ్వర్డ్ ఫ్రైస్ నాయకత్వంలో ఒక ప్రయోగం చేశారు. కింది అంకె 115కీ 129కీ మధ్య ఉన్న 143 మంది మగవాళ్ళని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి మందు, ఇంకో గుంపుకి మందులేని ఉత్త బిళ్ళ ఇచ్చారు. ఉత్త బిళ్ళ గుంపులో 27 మందికి తీవ్రమైన ప్రమాదాలు ముంచుకొచ్చాయి. మందు గుంపులో ఇద్దరికి. రక్తపోటుని దించితే మనిషి బతుకుతాడన్న మాటకి మొదటి గట్టి రుజువు ఇదే. ఆ మందులో థయజైడ్, హైడ్రలజిన్‌తోపాటు రెసర్పిన్ కూడా ఉంది. మన సర్పగంధ వేరు ఆ రుజువులో భాగమని మన వైద్య విద్యార్థుల్లో ఎందరికి తెలుసో అనుకుంటాను.

తర్వాత వచ్చిన ప్రశ్న: ఎంత దాటితే జబ్బు? అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే పట్నంలో 1948 నుంచి 5,209 మందిని ఏళ్ళ తరబడి పరీక్షిస్తూ పోతే, పోటు ఎక్కువున్నవాళ్ళకే గుండెపోట్లూ పక్షవాతాలూ ఎక్కువని తేలింది. 2002లో 61 అధ్యయనాలనుంచి పది లక్షల మంది వివరాలు కలిపి చూశారు. 40 నుంచి 69 ఏళ్ళ వాళ్ళలో పై అంకె 115 దగ్గర్నుంచి పైకి ప్రతి 20కీ పక్షవాతంతో, గుండెజబ్బుతో చనిపోయే ప్రమాదం రెట్టింపు అవుతోంది. అంటే ఇక్కడిదాకా క్షేమం, ఇక్కడినుంచి ప్రమాదం అనే గీత ప్రకృతిలో లేదు. 140/90 అన్నది డాక్టర్లు మందు పెట్టడానికి గీసుకున్న గీత. అమెరికా 2017లో దాన్ని 130/80కి జరిపింది. మన ప్రభుత్వ కార్యక్రమాలు 140/90 దగ్గరే ఉన్నాయి.

పెద్దవయసులో పై అంకె పెరగడం సహజమే అన్న మాట మన ఇళ్ళలో ఇంకా వినిపిస్తుంది. అది తప్పని 1991లోనే తేలింది. అరవై దాటి, పై అంకె మాత్రమే ఎక్కువున్న 4,736 మందికి చేసిన షెప్ ప్రయోగంలో మందు వల్ల పక్షవాతాలు 36 శాతం తగ్గాయి. 2008లో హైవెట్ ప్రయోగం ఎనభై దాటినవాళ్ళ మీదే చేశారు. చావులే 21 శాతం తగ్గాయి.

ఎంతకి దించాలన్నదానిమీద వాదం పదేళ్ళకు పైగా నడిచింది. 2015లో స్ప్రింట్ ప్రయోగంలో 9,361 మందిలో సగం మందికి పై అంకె 140 లోపు, సగం మందికి 120 లోపు లక్ష్యం పెట్టారు. 120 గుంపులో గుండెజబ్బులూ పక్షవాతాలూ పాతిక శాతం తక్కువ, చావులు 27 శాతం తక్కువ. ప్రయోగం ముందే ఆపేశారు. కానీ అందులో షుగరున్నవాళ్ళూ, పక్షవాతం వచ్చినవాళ్ళూ లేరు. షుగరున్నవాళ్ళ మీద 2010లో జరిగిన అకార్డ్ ప్రయోగంలో మొత్తమ్మీద లాభం రుజువు కాలేదు. ఆ సందేహం 2024 దాకా సాగింది. చైనాలో 12,821 మంది షుగరు రోగులమీద జరిగిన బీప్రోడ్ ప్రయోగంలో గట్టిగా దించిన గుంపుకి ప్రమాదాలు 21 శాతం తగ్గాయి. తక్కువే మేలు అన్న వైపే సాక్ష్యం బరువుగా ఉంది. అయితే స్ప్రింట్‌లో కళ్ళు తిరిగి పడడాలూ, కిడ్నీ దెబ్బతినడాలూ కూడా ఎక్కువయ్యాయి. లేచి నిలబడితే తూలే పెద్దాయనకి 120 కోసం మూడో బిళ్ళ రాసేముందు డాక్టరు ఆగి ఆలోచించాల్సిందే.

ఇంకో సంగతి ఉంది, దాన్ని నేను తేలిగ్గా దాటలేను. స్ప్రింట్‌లో రోగిని ఐదు నిమిషాలు నెమ్మదిగా కూర్చోబెట్టి, యంత్రంతో మూడుసార్లు కొలిచి సగటు తీశారు. మన దగ్గర ఎలా కొలుస్తారో చూద్దాం. కిందటేడు మా పిన్నిని ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాను. రెండంతస్తులు మెట్లెక్కి, ఆయాసపడుతూ స్టూలు మీద కూర్చుంది. స్టూలుకి వీపు ఆనించేందుకేం లేదు. నర్సు జాకెట్టు చెయ్యి మీదనుంచే పట్టీ చుట్టి, గాలి కొడుతూనే ‘ఏమ్మా, పొద్దున ఏం తిన్నావు, షుగరుందా’ అని అడుగుతోంది. పిన్ని జవాబు చెబుతోంది. చెయ్యి ఒళ్ళో పడి ఉంది. 168 వచ్చింది. రెండు బిళ్ళలు రాశారు. ఇంటికొచ్చాక వారంరోజులు పొద్దునా సాయంత్రం, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చెయ్యి బల్లమీద ఆనించి నేనే కొలిచాను. 134కి మించలేదు. రాసిన మందులతోపాటు ఆ కాగితం వేరే డాక్టరుకి చూపిస్తే ఒక బిళ్ళ తీసేశారు.

ఇది పిన్ని ఒక్కదాని కథ కాదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుంటే పై అంకె దాదాపు 4, పక్కకి వేలాడేస్తే 6కి పైగా ఎక్కువ చూపిస్తుందని 2024లో అమెరికాలో జరిగిన ప్రయోగంలో తేలింది. మాట్లాడితే పెరుగుతుంది. మూత్రం ఆపుకుంటే పెరుగుతుంది. లావు చేతికి చిన్న పట్టీ చుడితే చాలా పెరుగుతుంది. ఆసుపత్రి చూస్తేనే పెరిగేవాళ్ళున్నారు. దీనికి పూర్తి విరుద్ధంగా ఆసుపత్రిలో మామూలుగా ఉండి ఇంట్లో పెరిగేవాళ్ళూ ఉన్నారు, వీళ్ళు అసలు పట్టుబడరు. 20 పెరిగితే ప్రమాదం రెట్టింపు అని చెప్పే శాస్త్రం, 20 తేడా వచ్చేలా కొలిచే అలవాటు, రెండూ ఒకే గదిలో ఉన్నాయి. నా దృష్టిలో కొత్త మందు కంటే ముందు రావలసింది వీపు ఆనించుకునే కుర్చీ, చేతికింద బల్ల, ఐదు నిమిషాల ఓపిక.

పోటు ఒంట్లో చేసే చెడుపు ఒకచోట ఆగదు. గుండె ఎడమ గది ఎక్కువ బరువు తోసి తోసి మందమెక్కుతుంది, చివరికి అలిసిపోతుంది. కిడ్నీలతో సంబంధం రెండువైపులా ఉంది: పోటు కిడ్నీ వడపోతని పాడుచేస్తుంది, పాడైన కిడ్నీ ఉప్పునీ నీటినీ బయటికి పంపలేక పోటుని ఇంకా పెంచుతుంది. 1898లో స్టాక్‌హోమ్‌లో టైగర్‌స్టెడ్ కిడ్నీలోంచి పోటుని పెంచే రెనిన్ అనే పదార్థాన్ని పట్టుకున్నాడు. 1934లో గోల్డ్‌బ్లాట్ కుక్కల కిడ్నీ ధమనిని బిగించి పోటు తెప్పించాడు. ఈ దారిలోనే, బ్రెజిల్ దేశపు జరరాకా పాము విషంలో దొరికిన సూచనతో, కాప్టోప్రిల్ తయారై 1981లో వాడకానికొచ్చింది. షుగరూ బీపీ కలిసున్నవాళ్ళకి కిడ్నీ కాపాడే మందుల్లో ఇప్పటికీ దాని కుటుంబానిదే ముందు వరస. గురకపెట్టి నిద్రలో ఊపిరి ఆగేవాళ్ళకి పోటు తేలిగ్గా లొంగదు. కిడ్నీ మీదుండే గ్రంథి ఆల్డోస్టిరోన్ ఎక్కువ వదలడం వల్ల వచ్చే పోటుని జెరోమ్ కాన్ 1955లోనే వివరించాడు. మూడు బిళ్ళలకీ లొంగనివాళ్ళలో దీన్ని వెతికితే దొరుకుతుంది, వెతికేవాళ్ళే తక్కువ.

మెదడు సంగతి కొత్తగా తేలుతోంది. నడివయసులో పోటున్నవాళ్ళకి ముసలితనంలో మతిమరుపు జబ్బు ఎక్కువని తెలుసు. దించితే అది తగ్గుతుందా? స్ప్రింట్ రోగులని చూస్తే మొదటి దశ మరపు తగ్గింది కానీ పూర్తి మతిమరుపు తగ్గిందని చెప్పలేకపోయారు. దీని మిగతా కథ చైనా పల్లెల్లో ఉంది, చివర్లో వస్తాను.

గర్భిణిలో వచ్చే పోటుది వేరే లెక్క. మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అనేది ఇదే. మూర్ఛలొచ్చి తల్లీ బిడ్డా ఇద్దరూ పోయేవాళ్ళు. 2002లో 33 దేశాల్లో పదివేల మందికి పైగా గర్భిణుల మీద జరిగిన మ్యాగ్‌పై ప్రయోగంలో మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఆ మూర్ఛలని సగానికి పైగా తగ్గించింది. ఇంత చవకైన మందు ఇంత మేలు చేసిన సందర్భాలు తక్కువ. అయితే కాన్పుతో పోటు దిగిపోయిందని మరిచిపోకూడదు. ఆ తల్లికి తర్వాతి ఏళ్ళలో బీపీ, గుండెజబ్బు వచ్చే అవకాశం ఎక్కువే. నలభయ్యేళ్ళ ఆవిడ బీపీ చూపించుకోవడానికి వస్తే కాన్పులప్పుడు ఏమైందని అడిగే డాక్టరు నాకు ఒక్కరే తగిలారు.

బీపీ పునాది ఇంకా ముందే పడుతుందేమోనన్న ప్రశ్నకి హైదరాబాదు చుట్టుపక్కల పల్లెలే ప్రయోగశాల అయ్యాయి. 1987-90 మధ్య 29 ఊళ్ళలో కొన్నింటిలో గర్భిణులకీ, చిన్నపిల్లలకీ అదనపు ఆహారం ఇచ్చారు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్ధెనిమిదేళ్ళ వాళ్ళయ్యాక జాతీయ పోషకాహార సంస్థతో కలిసి పరీక్షించారు. ఆహారం అందిన ఊళ్ళ పిల్లల రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. పోటులో మాత్రం తేడా కనిపించలేదు.

ఇక ఉప్పు. 1988లో 32 దేశాల్లో పదివేల మంది మూత్రాన్ని రోజంతా పట్టి పరీక్షించిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనంలో, ఉప్పు దాదాపు తినని బ్రెజిల్ యానొమామి తెగవాళ్ళ పై అంకె సగటు 95 చుట్టూ ఉంది, వయసుతో పెరగనూ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాములు చాలంటుంది. ఇలాగే రోజంతటి మూత్రంతో ఆంధ్రప్రదేశ్‌లో లెక్కకడితే సగటు 9 గ్రాములు దాటింది, ఢిల్లీ, హర్యానాల కంటే ఎక్కువ. పాశ్చాత్య దేశాల్లో ఉప్పు రొట్టెలోనుంచీ, ప్యాకెట్లలోనుంచీ వస్తుంది. అక్కడ కంపెనీల మీద ఒత్తిడి తెస్తే తగ్గుతుంది. మన ఉప్పు మన వంటింట్లోనే పడుతుంది. పప్పులో ఒకసారి, కూరలో ఒకసారి, చారులో ఒకసారి, పెరుగన్నంలోకి నంజుకునే మాగాయలోనో ఊరమిరపకాయలోనో ఇంకోసారి. ఆవకాయ నిలవుండాలంటే ఉప్పు పడాల్సిందే. అందుకే ‘ఉప్పు తగ్గించండి’ అని చీటీమీద రాయడం వల్ల జరిగేదేం లేదు. సైంధవ లవణం వాడితే బీపీ రాదనే ప్రచారం ఒకటి వాట్సాప్‌లో తిరుగుతోంది. అందులోనూ ఉన్నది సోడియం క్లోరైడే.

ఉప్పు విషయంలో నాకు తెలిసినంతలో అన్నిటికంటే ఆశ కలిగించే పరిశోధన 2021లో వచ్చింది. చైనాలో 600 ఊళ్ళలో, పక్షవాతం వచ్చినవాళ్ళనో, అరవై దాటి బీపీ ఉన్నవాళ్ళనో దాదాపు 21 వేల మందిని తీసుకుని సగం ఊళ్ళకి పాతిక శాతం పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. ఐదేళ్ళలో పక్షవాతాలు 14 శాతం, చావులు 12 శాతం తగ్గాయి. ఎవర్నీ ఏదీ మానమనలేదు, డబ్బాలో ఉప్పు మారిందంతే. అదే ఏడాది మన సిద్దిపేట ప్రాంతపు ఏడు ఊళ్ళలో 502 మంది బీపీ రోగుల మీద ఇలాంటి ఉప్పుతో మూడు నెలల ప్రయోగం ఫలితాలు వచ్చాయి; పై అంకె సగటున 4.6 తగ్గింది. ఒక జాగ్రత్త తప్పదు: కిడ్నీ చెడినవాళ్ళకి పొటాషియం ప్రమాదం. కిడ్నీ జబ్బు ఎక్కువున్న ఉద్దానం లాంటి చోట ఈ ఉప్పుని పరీక్ష లేకుండా ఇంటింటికీ పంచకూడదు. మిగతాచోట్ల రేషన్ దుకాణం దాకా దీన్ని ఎందుకు తీసుకురాకూడదని నేను గట్టిగానే అడుగుతాను.

మందుల విషయంలో రోగులు అడిగే రెండు ప్రశ్నలకి మంచి జవాబులున్నాయి. ఖరీదైన కొత్త మందు మేలా? 2002లో 33 వేల మందికి పైగా రోగులతో జరిగిన ఆల్‌హాట్ ప్రయోగంలో పాత చవక మూత్రం బిళ్ళ క్లోర్తాలిడోన్ కొత్తవాటికి ఏమాత్రం తీసిపోలేదు. పొద్దున వేసుకోవాలా రాత్రి వేసుకోవాలా? బ్రిటన్‌లో 21 వేల మందితో జరిగిన టైమ్ ప్రయోగం 2022లో తేల్చింది: ఎప్పుడైనా ఒకటే, మర్చిపోని వేళ చూసుకోవాలి. ఒక బిళ్ళ మోతాదు పెంచుకుంటూ పోతే గుణం కొంచెమే పెరుగుతుంది. కాళ్ళ వాపు, పొడిదగ్గు లాంటివి పెరిగి జనం మానేస్తారు. 2018లో శ్రీలంకలో మూడు మందులని సగం మోతాదులో ఒకే బిళ్ళగా ఇస్తే ఆరు నెలలకి 70 శాతం మందికి పోటు లక్ష్యంలోకి వచ్చింది, మామూలు వైద్యంలో 55 శాతం మందికే. కిడ్నీ నరాలని కాల్చే పద్ధతి 2014లో ఉత్తుత్తి చికిత్సతో పోలిస్తే తేడా చూపలేకపోయింది, తర్వాత కొంత నిలదొక్కుకుంది; అందరికీ పనికొచ్చేది కాదు. ఆరు నెలల పాటు పనిచేసే ఇంజెక్షన్లు ప్రయోగదశలో ఉన్నాయి. వాటిమీద నాకు ఆసక్తి ఉన్నది ఒక్క కారణానికే, రోజూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

మళ్ళీ పల్లెకి వద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం బీపీ ఉన్న ఐదుగురిలో నలుగురికి తగిన వైద్యం అందడం లేదు. మన దేశంలో పెద్దవాళ్ళలో 35 శాతానికి పైగా బీపీ ఉందని ఐసీఎంఆర్ సర్వే అదే ఏడాది చెప్పింది. పశ్చిమ గోదావరిలో 18 పీహెచ్‌సీల పరిధిలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లెట్లిచ్చి, బీపీ కొలిపించి, ప్రమాదమున్నవాళ్ళని డాక్టరు దగ్గరికి పంపే ప్రయోగం జరిగింది. ఆశాలు పని చేశారు. అయినా చివరికి చూస్తే పోటు అదుపులో ఉన్నవాళ్ళ శాతంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చైనాలో 326 ఊళ్ళలో దాదాపు 34 వేల మందితో జరిగిన ప్రయోగంలో ఊరి వైద్యులే, పెద్ద డాక్టర్ల పర్యవేక్షణలో, రాసిపెట్టిన పద్ధతి ప్రకారం మందు ఇచ్చారు, పెంచారు, మార్చారు. మందు ఉచితంగానో తక్కువ ధరకో దొరికింది. నాలుగేళ్ళలో మతిమరుపు జబ్బే 15 శాతం తగ్గిందని 2025లో ప్రకటించారు. రెండు ప్రయోగాలకీ చాలా తేడాలున్నాయి కానీ నాకు కనిపించే పెద్ద తేడా ఒక్కటే: మన ఆశా కొలిచి పంపగలదు, బిళ్ళ ఇవ్వలేదు.

2017లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ ఈ లోటుని గుర్తించింది. మొదట చేరిన ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. రాష్ట్రమంతా ఒకే మందుల వరస, ఊరి దగ్గరి ఉపకేంద్రంలోనే నెలకి సరిపడా బిళ్ళలు, రానివాళ్ళకి ఫోను. ఆ పద్ధతి సరైనదని నా నమ్మకం. దాని అతుకు ఎక్కడ ఊడుతుందో ఒక ఉపకేంద్రం బల్ల దగ్గర కూర్చుని చూశాను. అరవై ఏళ్ళావిడ కార్డు తీసి ఏఎన్‌ఎంకి ఇచ్చింది. 138 వచ్చింది. ‘బాగుందమ్మా, ఇట్లాగే వేసుకో’ అంది ఏఎన్‌ఎం.

‘కూతురు పురిటికి పోతున్న బిడ్డా, మూడు నెల్లు రాను. ఇంకో రెండు నెల్లయి ఇయ్యి.’

ఏఎన్‌ఎం రిజిస్టరు వంకా, అలమరలో మిగిలిన అట్టల వంకా చూసింది. ‘ఒక నెలకే ఇయ్యాలె అమ్మా. అక్కడ దవాఖానల అడుగు.’

‘అక్కడ నన్నెవరు ఎరుగుతరు?’

మూడు అట్టలు, ముప్పై బిళ్ళలు కొంగున ముడేసుకుని ఆవిడ బస్సు కోసం వెళ్ళిపోయింది.